ఈల పోయిన గార్డు

నా ఎడమ బుగ్గ మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ కింద రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట దగ్గరే నవ్వుతారు. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో నా మాటకి ఉన్న విలువ ఏపాటిదో నాకు తెలియంది కాదు. రాజిమ్ దగ్గర నా బ్రేకువాన్లోకి పులి ఎక్కిందనీ, టికెట్టు అడిగితే తల దించుకుని దిగిపోయిందనీ చెప్పినవాణ్ణి నేనే. కానీ ఈ బుగ్గ సంగతి వేరు. ఇది ఒకసారి నన్ను వదిలిపోయి, నెలల తరబడి బతిమాలితే తిరిగొచ్చిన బుగ్గ. దాని మీద ఒట్టు నేను తేలిగ్గా వెయ్యను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న పార్సిలాఫీసులో పనిచేసే ఒకాయన మూతికి తువ్వాలు చుట్టుకుని మా ఇంటికొచ్చాడు. కూర్చున్నాడు. టీ ఇస్తే వద్దన్నాడు. కాసేపు గోడకేసి చూసి లేచి వెళ్లిపోయాడు. తువ్వాలు చూడగానే నాకు అర్థమైంది. నోటితో చెబితే నా కథల్లో ఇదొకటి అనుకుంటాడని కాగితం మీద పెడుతున్నాను.

స్వరాజ్యం వచ్చిన కొత్త. కంపెనీ రైలు సర్కారు చేతికొచ్చి ఎంతోకాలం కాలేదు. నేను ధమ్తరీ వెళ్లే చిన్నలైను మీద గార్డుని. పుష్యమాసపు చలి. తెల్లారగట్ల బండి, బ్రేకువాన్ కిటికీలోంచి సూదుల్లాంటి గాలి, ఆ కిటికీ పక్కనే నా సీటు. ఆ గాలే కొంప ముంచిందని మా అమ్మ అంటుంది. కావచ్చు, కాకపోవచ్చు అని డాక్టరు అన్నాడు. ఏదైతేనేం, ఒక పొద్దున్న పళ్లు తోముకుని పుక్కిలించబోతే నీళ్లు నోట్లో ఆగలేదు. ఎడమపక్క నుంచి ధారకట్టి చొక్కా మీద పడ్డాయి. మళ్లీ పోసుకున్నాను. మళ్లీ అంతే. నోటికి ఆ పక్క తలుపు వెయ్యడం ఎవరో మర్చిపోయినట్టుంది.

నా భార్య రవణమ్మ పెరట్లో బొగ్గుల కుంపటి రాజేస్తోంది. ఆమెకేసి తిరిగి, ఇదిగో చూడు అన్నాను. అనేటప్పటికి మూతి మొత్తం కుడిచెవి వైపు జరిగిపోయింది. ఆమె పకపకా నవ్వింది.

"చాలించండి, పొద్దున్నే కోతివేషాలు" అంది.

వేషం కాదన్నాను. ఇంకా నవ్వింది. నిజం అన్నాను. కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. నాకు చిరాకేసి గట్టిగా కళ్లు మూసుకున్నాను. కుడికన్ను మూసుకుంది. ఎడమది తెరిచే ఉంది, గుడ్డు పైకి తిరిగి తెల్లగా. అప్పుడు ఆమె చేతిలోని ఊదుగొట్టం కింద పెట్టేసింది.

అయినా డ్యూటీకి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, ప్లాట్‌ఫారం మీదికి వెళితే అంతా మామూలైపోతుందనిపించింది. వేళయింది. పచ్చజెండా ఎత్తాను. ఈల నోట్లో పెట్టుకుని ఊదాను. గాలి పక్క నుంచి బుస్సున పోయింది. ఈల లోపలి గోళీ కూడా కదల్లేదు. మళ్లీ ఊదాను. జనం బండిలోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఇంజను దగ్గర డ్రైవరు సన్యాసి కాసేపు ఎదురుచూసి, విసుగెత్తి, దిగి నా దగ్గరికి నడిచొచ్చాడు. బొబ్బిలి వైపువాడు. నన్ను బావా అంటాడు. మా మధ్య చుట్టరికం ఆ బండి ఒక్కటే.

"ఏటి బావా, బండి మీద అలిగీసినావా? మూతి తిప్పుకుంటే ఇది కదలదు మరి" అన్నాడు.

నేను జవాబు చెప్పబోయాను. వాడు నా మొహం చూశాడు. తర్వాత ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. తన భుజం మీది మసి తువ్వాలు తీసి నా చెవులకీ దవడకీ కలిపి చుట్టి, ఇంకో గార్డుని పిలిపించమని స్టేషను వాళ్లతో చెప్పి, నా చెయ్యి పట్టుకుని రైల్వే డాక్టరు దగ్గరికి నడిపించాడు. ఆ తువ్వాలు బొగ్గు వాసన, నూనె వాసన. అంత మంచి వాసన నేను మళ్లీ పీల్చలేదు.

డాక్టరు పెద్దాయన. నా మొహం అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నరం పని, దానంతట అది రావచ్చు, సగం రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. కాపడం పెట్టుకోమన్నాడు, కంటికి గుడ్డ కట్టుకోమన్నాడు, సెలవు రాసిచ్చాడు. గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచి అసలు సంగతి చెప్పాడు. వేసవి మొదట్లో సెలవు అయిపోగానే తన ముందుకు రావాలి. గాలిలో కన్ను మూతపడాలి, ఈల మోగాలి. మోగకపోతే లైను మీద నుంచి తీసేసి పార్సిలాఫీసులో కుర్చీ వేస్తారు.

"గార్డుకి కావలసినవి రెండు. చూసే కన్ను, ఊదే నోరు. ప్రస్తుతం నీ దగ్గర రెండూ సగమే ఉన్నాయి" అన్నాడు.

ఈల అంటే అంత ఏముందని మీరనుకోవచ్చు. అంత పెద్ద ఇంజను, ఆ పెట్టెలు, ఆ జనం, వాళ్ల మూటలు, కోళ్లు, పిల్లలు, అన్నీ సిద్ధంగా ఉండి కూడా నేను ఊదితే గానీ కదలవు. నా మాట ఎవరూ నమ్మని ఊళ్లో నా ఈలని మాత్రం అందరూ నమ్మేవాళ్లు. అది పోతే నా దగ్గర మిగిలేది కథలే. ఆ కథలు చెప్పడానికి కూడా మూతి లేదాయె.

మాఘమాసం అంతా ఇంట్లో గడిచింది. అన్నం తింటే ఎడమబుగ్గలో ముద్ద ఇరుక్కుపోయేది, వేలు పెట్టి తీసుకోవాలి. అందుకని గోడకి తిరిగి తినేవాణ్ణి. ఎడమచెవిలో చిన్న చప్పుడు కూడా పళ్లెం పడ్డంత వినిపించేది. పెదవులు కలిస్తే గానీ రాని మాటలు రావడం మానేశాయి. 'అమ్మా' అంటే మా అమ్మకే అర్థం కాలేదు. అద్దం నేనే తీసి గోడకి తిప్పి పెట్టాను.

మా అమ్మకి మాత్రం కారణం దొరికింది. "అబద్ధాలాడే మూతి, దేవుడు తిప్పీసినాడు" అని పటం ముందు కూర్చుని ఏడ్చేది. నన్ను తిట్టడానికి కాదు, దేవుడితో బేరం ఆడ్డానికి. ఇంకెప్పుడూ ఆడడు స్వామీ అని నా తరఫున ఆవిడే మొక్కేసింది. నేను నవ్వుదామనుకున్నాను. ఆ రోజుల్లో నవ్వితే సగమే వచ్చేది. కానీ మనిషికి భయం పట్టుకుంటే ఏ మాటైనా నిజమే అనిపిస్తుంది. పులికథ వల్లే ఇలా అయిందేమోనని కొన్నాళ్లు నేను కూడా నమ్మాను. నోరు మూసుకున్నాను. నోరు అసలు మూతపడదు గనక ఇది మాటవరసకే.

పాలు పోసే రౌతాయిన్ ఒకరోజు నన్ను తలుపు సందులోంచి చూసింది. "గార్డ్ బాబూ లా లక్వా మార్ దిస్" అని, గార్డుబాబుకి పక్షవాతం కొట్టిందని, వాడకట్టంతా వినిపించేలా చెప్పేసి, మర్నాడు కొంగులో అడవిపావురాన్ని చుట్టి తెచ్చింది. దాని నెత్తురు బుగ్గకి రాస్తే మూతి తిరిగొస్తుందట. తన మామకి అలాగే వచ్చిందట. పాపం, మంచి మనసుతోనే తెచ్చింది. రవణమ్మ వద్దనలేక పుచ్చుకుంది, కొయ్యలేక వదిలేసింది. ఆ పావురం మా పెరట్లోనే నూకలు తింటూ బలిసిపోయింది. వైద్యం దానికి బాగా పనిచేసింది.

ఒకరోజు టీ గ్లాసు పెదవి దాటి ఒళ్లో ఒలికితే, గ్లాసు గోడకేసి కొట్టాను. రవణమ్మ గోడ తుడిచింది, నేల తుడిచింది, నా పంచె మీది మరకకి తడిగుడ్డ పెట్టింది. మా క్వార్టర్ల వెనక నుంచే లైను. సన్యాసి బండి వెళ్లేటప్పుడు నాకోసమని ఒక పొట్టి కూత వేసేవాడు. ఓదార్పుగా వేసేవాడు. నేను మంచం మీద అటు తిరిగి పడుకునేవాణ్ణి.

హోలీకి కాస్త ముందు, కరెంటు పెట్టి చూస్తారని నన్ను ఊళ్లో పెద్దాసుపత్రికి పంపారు. రవణమ్మ కూడా వచ్చింది. లోపల ఆడవాళ్ల బెంచీ నిండిపోతే బయట టాంగాల దగ్గర నిలబడింది. నేను మగవాళ్ల బెంచీ చివర కూర్చున్నాను. ఫినాయిలు వాసన, దగ్గులు, పేర్లు పిలిచే గొంతు. ఒకాయనకి దవడ బూరెలా పొంగి ఉంది, ఇంకొకాయన కాలు చెక్కల మధ్య ఉంది. ఎవరి బాధలో వాళ్లున్నారు. నెలన్నర తర్వాత మొదటిసారి నన్ను ఎవరూ వింతగా చూడని చోట కూర్చున్నాను. తువ్వాలు విప్పేశాను.

నా పక్కన ఒక ముసలి కంసాలి. ఆరంగ్ నుంచి వచ్చాడట, మనవడి చెవిపోటుకి. నా మొహం చూసి నవ్వి, నాకూ ఇదే వచ్చింది అన్నాడు. నేను నమ్మలేదు. అతని మూతి తూచినట్టు తిన్నగా ఉంది. అప్పుడతను చెప్పాడు. కంసాలి పనంతా గొట్టంతో మంట ఊదడంలో ఉంది. మూతి పోయాక దీపం కూడా ఆర్పలేకపోయాడట. అయినా రోజూ కుంపటి ముందు కూర్చునేవాడట. గాలి పక్కకి పోయేది. పోనీ అని మళ్లీ ఊదేవాడు. ఇంట్లో నవ్వారు, అంగట్లో నవ్వారు. నెలలు పట్టింది. ఒకరోజు బొగ్గు కొసన ఎర్రగా చుక్క కనిపించింది.

"మంటకి నీ మొహంతో పనిలేదు బాబూ, గాలితోనే పని. ఊదుతూ ఉండు" అన్నాడు.

లోపల డాక్టరు పెద్దగా చెప్పిందేమీ లేదు. బయటికొచ్చి టాంగా ఎక్కగానే కంసాలి సంగతి రవణమ్మకి చెప్పాను. నా వంకర మాటలు విడదీసుకుంటూ ఆమె శ్రద్ధగా వింది. ఏ చేత్తో పట్టుకున్నాడు గొట్టం, ఎంతసేపు ఊదేవాడు, మధ్యలో ఆగేవాడా అని అడిగింది. అన్నిటికీ చెప్పాను.

మర్నాడు పొద్దున్నే కుంపటి నా మంచం దగ్గరికి తెచ్చి, ఊదుగొట్టం నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

మా అమ్మ చూసి గుండెలు బాదుకుంది. మగాడు, అందులోనూ గార్డు, పొయ్యి ఊదడమేమిటని. ఊదాను. గాలంతా ఎడమపక్క నుంచి పోయింది. బూడిద లేచి, మూతపడని కంట్లో పడింది. దగ్గు, కన్నీళ్లు, పొగ. నిప్పు మాత్రం లేదు. ఆ రోజు మా ఇంట్లో టీ మిట్టమధ్యాహ్నానికి కాగింది, అదీ రవణమ్మ ఊదితేనే. మర్నాడు కూడా అంతే. పెదవి కొసని వేలితో నొక్కిపట్టి ఊదడం నేర్చుకున్నాను. అప్పుడు కాస్త పొగ రాజుకునేది.

పక్క క్వార్టరు పైడమ్మగారు గోడ మీదుగా ఈ తమాషా చూసింది. ఆవిడ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. "బాబూ, మీ కుంపటి ఎలాగూ కాలదు గానీ, మాదీ ఓసారి ఊదిపెట్టు. మా బొగ్గు తడిసింది. ఆరిందాకా నీకు పని దొరుకుతాది" అంది. వెటకారమే. కానీ నేను గొట్టం పట్టుకుని వెళ్లాను. ఎందుకంటారా, ఇంట్లో రవణమ్మ చూస్తుండగా ఓడిపోవడం కంటే బయట ఓడిపోవడం తేలిక. తర్వాత అవతలి క్వార్టరువాళ్లు, ఆపైన ఆ చివరి నాగపూర్ వాళ్లు. పొద్దున్నే గొట్టం భుజాన వేసుకుని నేను వరసలో నడిచొస్తుంటే ఆడవాళ్లు కుంపట్లు గుమ్మాల్లో పెట్టి ఉంచేవారు. నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వుతూనే టీ కూడా పోశారు. గోడకి తిరగకుండా, అందరి ముందూ, చొక్కా మీద ఒలకబోసుకుంటూ ఆ టీ తాగాను. అంత గర్వంగా నేనింకేదీ తాగలేదు.

మధ్యలో మానేశాను కూడా. హోలీ వెళ్లింది, ఎండలు ముదిరాయి, మూతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇది వచ్చేది కాదనిపించి గొట్టం మూల పడేశాను. రవణమ్మ బతిమాలలేదు, తిట్టలేదు. ఒక పొద్దున్న బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

"కంసాలి కూడా మధ్యలో మానేశాడా?"

లేదన్నాను.

"అయితే సరే" అని బియ్యం ఏరుకుంది. నేను లేచి మూల నుంచి గొట్టం తీసుకున్నాను.

ఆ వారంలోనే పైడమ్మగారి కుంపటి ముందు ఊదుతుంటే ఏదో కొత్తగా అనిపించింది. గాలి పక్కకి పోలేదు. ఒక్క క్షణం. ఎడమబుగ్గ లోపలి నుంచి నెట్టినట్టు పొంగి, మళ్లీ జారిపోయింది. పైడమ్మగారు చూసేసింది. ఆవిడ నాకు చెప్పకుండా తిన్నగా మా ఇంటికి పరిగెత్తి, "రవణా, మీ ఆయన బుగ్గ లేచింది" అంది, బిడ్డ నడిచినట్టు. ఆ మధ్యాహ్నానికి రౌతాయిన్‌కి తెలిసింది, సాయంత్రానికి స్టేషనుకి తెలిసింది. రౌతాయిన్ పావురానికి దండం పెట్టింది.

ఉగాది దాటాక పిలుపొచ్చింది. ఆసుపత్రి ఆవరణలో డాక్టరు, పక్కన ఒక ఆఫీసరు. కన్ను ముందు చూశారు. విసనకర్రతో గాలి కొడితే, దారమంత సందు వదిలి మూతపడింది. గాలి ఆపే కళ్లద్దాలు పెట్టుకుంటే చాలన్నాడు డాక్టరు. తర్వాత ఈల. నోట్లో పెట్టుకోగానే అలవాటు కొద్దీ వేలు పెదవి కొసకి వెళ్లింది.

"చెయ్యి దించు. ఆ చేతిలో జెండా ఉంటుంది" అన్నాడు డాక్టరు.

దించాను. ఊదాను. బుస్సుమంది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. పార్సిలాఫీసు కుర్చీ కళ్లకి కట్టింది. దాని మీద కూర్చుని, వెళ్లిపోతున్న బండిని చూస్తున్న నేను కూడా కనిపించాను. అప్పుడు అది ఈల కాదు, పైడమ్మగారి తడిబొగ్గు అనుకున్నాను. తడిబొగ్గుకి కోపంతో ఊదకూడదు, ఆపకూడదు. కడుపులోంచి తెచ్చి, నిదానంగా, పోతే పోయిందని ఊదాను.

మోగింది. మొదట సన్నగా వణికి, తర్వాత గోళీ తిరిగి, గట్టిగా. నేను ఆపలేదు. డాక్టరు చెయ్యెత్తి చాలన్నా ఆపలేదు. గోడ అవతల యార్డులో నీళ్లు పట్టుకుంటున్న సన్యాసి ఇంజను జవాబుగా కూత వేసింది. పొట్టి కూత కాదు, బండి బయలుదేరేటప్పటి పొడుగు కూత. ఇది మీరు నమ్మరని తెలుసు. సాయంత్రం వాడే వచ్చి చెప్పాడు. "పదిమంది గార్డులు ఊదినా నీ ఈల నాకు తెలీదేటి బావా" అని చెప్పి, గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పటికీ నా ఎడమబుగ్గ కాస్త ఆలస్యంగా నవ్వుతుంది. అలసిపోయినప్పుడు మాట జారుతుంది. పరవాలేదు. నేనే ఊదాను, వరసలో కుంపట్లన్నీ ఊదాను, నవ్వుతున్నవాళ్ల ముందు ఊదాను. ఇది నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

ఇక ఒప్పుకోలు. ఇంజను కూత నిజం, సన్యాసి ఉన్నాడు, అడగండి. పావురం నిజం. కుంపట్లు నిజం. కల్పించింది ఒక్కటే. ఆరంగ్ కంసాలి లేడు.

ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన ఎవరూ లేరు. లోపల డాక్టరు చెప్పిందేమీ లేదని రాశాను. చెప్పాడు. ఈపాటికి కదలిక మొదలుకావాలి, కాలేదు, ఆశ పెట్టుకోవద్దన్నాడు. బయటికొచ్చేసరికి రవణమ్మ టాంగా చక్రం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహం చూసి ఉన్నమాట చెబుదామనే నోరు తెరిచాను. కంసాలి వచ్చాడు. అతని గొట్టం వచ్చింది, అతని మనవడి చెవిపోటు వచ్చింది. ఆమె అడిగేకొద్దీ చెప్పుకుపోయాను. అతను చేసినవన్నీ నేను చెయ్యాల్సి వస్తుందని ఆ క్షణాన తోచలేదు. తోచి ఉంటే అతనితో కాస్త తేలికపని చేయించేవాణ్ణి.

నేను మళ్లీ డ్యూటీ ఎక్కిన వారానికి రవణమ్మ గోల్ బజార్ నుంచి ఒక పంచెలచాపు తెచ్చింది. కంసాలికి బట్టలు పెట్టాలి, ఆదివారం ఆరంగ్ వెళదాం అంది. ఇక తప్పక, గుమ్మానికి ఆనుకుని, నిజం చెప్పేశాను.

"తెలుసండీ" అంది, చాపు మడతపెడుతూ.

ఎప్పటినుంచి అని అడిగాను.

"టాంగాలోనే. ఆ నెలన్నరలో మీరు అంతసేపు మాట్లాడింది అప్పుడే. కథ అయితేనే మీకు మాటలు అలా వస్తాయి."

మరి గొట్టం ఎందుకిచ్చావన్నాను.

"నేను ఊదమంటే ఊదేవారా? గ్లాసు గోడకేసి కొట్టేవారు. కంసాలి మాటైతే వింటారని ఊరుకున్నాను." చాపు నా చేతిలో పెట్టింది. "అంచు చూడండి. మీకు నచ్చే అంచే తెచ్చాను."

పార్సిలాఫీసు బాబూ, మీరు తువ్వాలు తీసేసి రేపు పొద్దున్నే రండి. కుంపట్లో బొగ్గులు పోసి, రాజెయ్యకుండా ఉంచమని రవణమ్మకి చెప్పాను.